మన వ్రాతను మనమే దిద్దుకొనుట



నేను ముప్పది రెండేండ్లు గ్రామ పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. అంతకుముందు ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివితిని. అంతకును ముందు ఒక పండితునియింట నేలపై కూర్చుండి కావ్యములను, వ్యాకరణమును వల్లించితిని. ఇన్నేండ్లును ఇతరుల తప్పులు దిద్దుటయే నా వృత్తి. ఎఱ్ఱసిరా సీసాలు ఎన్ని ఖాళీ చేసితినో లెక్కలేదు. ఐనను ఈ దినము నేను మాటలాడబోవునది ఇతరుల తప్పులను గూర్చి కాదు. తాను వ్రాసినదానిలోని తప్పును తాను పట్టుకొనుట యెట్లు అనునది నేటి విషయము. ఇది పైకి చిన్నమాటగా తోచును. దీని బరువు నాకు తెలియుటకై ఒక కుటుంబము ఆఱేండ్లు న్యాయస్థానము చుట్టు తిరుగవలసి వచ్చినది. ఆ సంగతి కొంచెము తాళి చెప్పెదను.

మీలో అనేకులు వ్రాయువారే. కావ్యములు వ్రాయకపోవచ్చును. కాని జాబులు, అర్జీలు, అప్పుపత్రములు, కౌలు కాగితములు, శుభలేఖలు, సంఘముల తీర్మానములు, వీలునామాలు, ఇవన్నియు ఊరిలో నాలుగక్షరములు వచ్చిన పెద్ద చేతిమీదుగనే నడచును. "కాస్త వ్రాసిపెట్టండి" అని ఎవరో ఒకరు ప్రొద్దుననే అరుగుమీదికి వచ్చుచుందురు. కావ్యమున తప్పుదొర్లినచో విమర్శకుడు నవ్వును. వీలునామాలో తప్పుదొర్లినచో బిడ్డలు ఏడ్తురు.

మన భాషలో ఒక సామెత కలదు: "ఆదిలోనే హంసపాదు" అని. పని మొదలుపెట్టగనే విఘ్నము వచ్చినప్పుడు ఈ మాట వాడుదుము. కాని హంసపాదమనగా నేమో ఇప్పుడు చాలమందికి తెలియదు. తాళపత్రములపై వ్రాయు లేఖకుడు ఒక అక్షరమునో, పదమునో విడిచినప్పుడు ఆ చోట హంస కాలిగుర్తువంటి చిన్న గుర్తు పెట్టి, విడిచినదానిని పంక్తికి పైననో క్రిందనో వ్రాయును. అదియే హంసపాదము. శ్రీకారము చుట్టిన మొదటి పంక్తియందే ఆ గుర్తు పెట్టవలసి వచ్చినచో అదియే ఆదిలో హంసపాదు. మన పూర్వులు ఈ గుర్తునకు అంత చక్కని పేరు పెట్టిరనిన, తప్పు వ్రాయుట వారికి వింత కాదని తెలియుచున్నది కదా. దిద్దుట వ్రాతలో ఒక భాగమని వారెఱుగుదురు.

తాటియాకుపై వ్రాయుటలో ఇంకొక విశేషమున్నది. గంటముతో గీచినప్పుడు అక్షరము సరిగా కనబడదు. ఆకుమీద మసియో, పసరో రాచి తుడిచిన పిమ్మటనే గీతలలో నలుపు నిలిచి అక్షరములు తేలును. అనగా వ్రాయుట యొక పని, చూచుట వేఱొక పని. రెంటికిని నడుమ కొంత వ్యవధి తప్పనిసరిగా ఉండెడిది. కాగితము, కలము వచ్చిన తరువాత వ్రాయుటయు చూచుటయు ఒక్కటైపోయినవి. మన కష్టములకు అదే ఆరంభమని నేననుకొందును.

ఇక నా కథ చెప్పెదను. 1989వ సంవత్సరము. నేను పనిచేయుచున్న యూరిలో ఇద్దరన్నదమ్ములు వేఱు పడదలచిరి. తగవులేదు, పోరులేదు. పిల్లలు పెద్దవారగుచున్నారు, ఎవరిది వారు చేసికొందమని అనుకొనిరి. వారికి ఒకేచోట 3 ఎకరముల 60 సెంట్ల భూమి యుండెను. దానిని తూర్పు పడమరలుగా గట్టు వేసి రెండు సమభాగములు చేసిరి. ఉత్తరపు చెక్క అన్నకు, దక్షిణపు చెక్క తమ్మునికి. ఉత్తరపు చెక్కలో బావియున్నది. తమ్మునికి దినము విడిచి దినము ఆ బావినీరు పాఱించుకొను హక్కును, పశువులపాకయు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఉత్తరమున బండ్లబాట, దక్షిణమున పంటకాలువ. నేను ఆ పొలమును బాగుగ నెఱుగుదును. సాయంకాలములందు ఆ బాటవెంబడియే నడచివచ్చువాడను.

"పంతులుగారు చేయి చేసికొన్నచో మాట పోదు" అని వారు నన్ను చిత్తు వ్రాయుమనిరి. ఒక రాత్రి కూర్చుండి వ్రాసితిని. మొదట అన్న భాగమునకు హద్దులు: ఉత్తరము బండ్లబాట, దక్షిణము తమ్ముని భాగము. తరువాత తమ్ముని భాగమునకు హద్దులు వ్రాయుచు, చేయి మొదటి వరుసకు అలవాటుపడి, మఱల ఉత్తరము బండ్లబాట అనియు, దక్షిణము అన్న భాగము అనియు వ్రాసితిని. అనగా ఇరువురికిని ఉత్తరపు చెక్కయే! దక్షిణపు చెక్క ఎవ్వరికిని లేదు. బావి ఎవరి భాగములో నున్నదో వేఱుగ వ్రాయనవసరము లేదనుకొంటిని. అది తెలిసిన సంగతియే కదా అని నా ధైర్యము.

ఆ చిత్తును నేను ఆ రాత్రియే మూడుమారులు చదివితిని. మూడుమారులును సరిగనే యున్నది. దస్తావేజు లేఖరి దానిని చూచి స్టాంపు కాగితముపై ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసెను. పూర్వకాలపు లేఖకులు గ్రంథాంతమున, చూచినట్లు వ్రాసితిని, తప్పున్నచో నాది కాదు అను భావము వచ్చునట్లు ఒక శ్లోకము వ్రాసికొనువారు. ఈ లేఖరియు ఆ శ్లోకమును చెప్పదగినవాడే. సాక్షులు చేవ్రాళ్లు చేసిరి. దస్తావేజు రిజిస్టరు అయ్యెను. అన్నదమ్ములు మాట ప్రకారము సాగు చేసికొనిరి. కాగితము పెట్టెలో పడినది.

2001లో తమ్ముడు కాలము చేసెను. అదే యేడు అన్నగారి కుమారులు బావికి కరెంటు మోటారు పెట్టించిరి. నీటివంతు దగ్గర మాటకు మాట పెరిగినది. తమ్ముని కొడుకులు పెట్టె తెఱచి కాగితము తీసి చదివిరి. వారి హద్దులలో ఉత్తరమున బండ్లబాట స్పష్టముగ నున్నది! బావి తమదే యనిరి. వీరు మాత్రము తమ హద్దులు చూపిరి, అందును బండ్లబాటయే. దోషము ఏ పక్షమునను లేదు. చేతిలోని కాగితమునే చదివిరి. ఆఱేండ్లు వ్యాజ్యము నడచినది. 2007లో ఇరుపక్షములును అలసిపోయి, పెద్దలు కూర్చుండబెట్టి చెప్పగా, సవరణ దస్తావేజు వ్రాసికొనిరి. నేను రచ్చబండకడ నిలువబడి, తప్పు నాదేనని అందఱి యెదుట చెప్పితిని. తమ్మునిభార్య, ఆ తల్లి ఎన్నడును నన్ను గట్టిగ మాటలాడినది కాదు, ఆనాడు మాత్రము, "పంతులుగారూ, మీరు చదివి చూడలేదా?" అని యడిగెను. మూడుమారులు చదివితినని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

మూడుమారులు చదివినను ఎందుకు కనబడలేదు? అప్పటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. నాకు తోచిన సమాధానమిది. నేను ఆ రాత్రి కాగితమును చదువలేదు, పొలమును చదివితిని. నా మనస్సులో పొలము సరిగనున్నది, అన్న ఉత్తరమున, తమ్ముడు దక్షిణమున నున్నారు. కన్ను అక్షరములపై పాఱుచున్నను, మనస్సు తనకు తెలిసినదానినే అందు చూచుచుండెను. దీపము లేకున్నను మనయింట మనము గడప తగులకుండ నడువగలము. చుట్టమువచ్చినవాడు దీపమున్నను తడుముకొనును. కాని ఎవరో పీట అడ్డముపెట్టినచో పడువారము మనమే, చుట్టము కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అనుటకూడ ఇక్కడ కొంత వర్తించును గాని, ఇది కేవలము మమకారము కాదు. తనకు తెలిసిన విషయముమీద తనకుండు చనువు.

కావున మన వ్రాతను మనము దిద్దుకొనవలెననిన, ముందుగ ఆ చనువును చెఱుపవలెను. తెలిసినదానిని తెలియనిదానివలె చూచుట యెట్లు? దీనికి మన పెద్దలు ఎన్నడో ఉపాయములు పన్నిరి.

వేదపఠనము వినియుందురు. సంహితను నేరుగ చెప్పుట యొకటి. తరువాత పదములు విడదీసి చెప్పుట పదపాఠము. ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని జతలుగ చెప్పుట క్రమపాఠము. జటయందు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందుకు వెనుకకు నడతురు. ఘనయందు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మఱల ఒకటి రెండు మూడు అని అల్లుదురు. వినువారికి ఇది వట్టి విద్యాప్రదర్శనముగ తోచవచ్చును. కాని దీని ప్రయోజనము మహత్తరము. వాక్యము నేరుగ పోవునప్పుడు అర్థము మనలను లాగికొనిపోవును. ఒక పదము జాఱినను తెలియదు. వెనుకకు తిరిగినప్పుడు అర్థపు లాగుడు తెగి, ప్రతిపదమును తన కాళ్లపై తాను నిలువబడును. వ్రాతయొక్క సహాయము లేకుండ నోటినుండి నోటికి ఇన్ని తరములు పాఠము చెడకుండ వచ్చినదనిన, ఈ కట్టుదిట్టమే కారణము. 2003లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఈ వేదపఠన సంప్రదాయమును మానవజాతి కళాఖండములలో నొకటిగ ప్రకటించినది.

దీనిని మన అరుగుమీదికి తెచ్చుకొందము. దస్తావేజు పూర్తిచేసిన పిమ్మట చివరి పంక్తినుండి మొదటి పంక్తికి చదువుడు. హద్దులు పడమరనుండి మొదలుపెట్టి తూర్పునకు రండు. జాబితా క్రిందినుండి పైకి చదువుడు. నేను ఆ రాత్రి తమ్ముని భాగమును ముందు చదివి, అన్న భాగమును తరువాత చదివియుండినచో, "ఉత్తరము బండ్లబాట" అని రెండవమారు వచ్చునప్పటికి కన్ను నిలిచియుండెడిది.

పద్యమునకు మఱియొక కావలి యున్నది. ఉత్పలమాలలో పదియవ యక్షరము యతి, చంపకమాలలో పదునొకండవది. ప్రతిపాదమున రెండవ యక్షరము ప్రాస. లేఖకుడు ఒక యక్షరము జాఱవిడిచినచో గణము తప్పును, యతి చెడును. చదువరి చెవికి వెంటనే గుచ్చుకొనును. అందుచేతనే చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పోల్చి దిద్దించినప్పుడు, ప్రతులలో భేదము వచ్చినచోట ఛందస్సు వారికి గొప్ప సాక్షియైనది. వచనమునకు ఇట్టి సాక్షిలేదు. అప్పుపత్రమునకు యతిలేదు, వీలునామాకు ప్రాసలేదు. వచనము వ్రాయువాడు తానే తనకు కావలి.

ముద్రణము వచ్చిన తరువాత తప్పునకు క్రొత్తపేరు వచ్చినది. విశాఖదత్తుని నాటకముపేరు ముద్రారాక్షసము. దానిని చమత్కారముగ అచ్చుతప్పునకు పెట్టుకొన్నాము. నా చిన్ననాట సీసపు అచ్చులు కూర్చు ముద్రణశాల యొకటి తాలూకా కేంద్రమున నుండెడిది. అక్షరములన్నియు అద్దములో ప్రతిబింబమువలె తిరుగబడి యుండును. కూర్చువాడు వానిని అట్లే చదువగలడు. అక్కడ ప్రూఫు దిద్దు పద్ధతి చూచి నేనాశ్చర్యపడితిని. ఒకడు వ్రాతప్రతిని పైకి చదువును, కామా, చుక్కలతో సహా. రెండవవాడు అచ్చుకాగితముపై కన్నులుంచి వినును. చదువువాడు చూడడు, చూచువాడు చదువడు. ఒకరి నాలుకయు, ఒకరి కన్నును పనిచేయును. వారిరువురును పెద్ద చదువరులు కారు. ఐనను వారి చేతినుండి పోయిన కాగితమున తప్పు అరుదు.

అచ్చుతప్పులలో లోకప్రసిద్ధమైనది యొకటి చెప్పెదను. 1631లో లండనులో రాజముద్రాపకులు బైబిలును అచ్చువేసిరి. పది ఆజ్ఞలలో వ్యభిచరింపవద్దు అను అర్థముగల వాక్యమున "వద్దు" అను మాట జాఱిపోయినది. గ్రంథము ప్రజలచేతికి పోయిన తరువాత గాని బయటపడలేదు. ముద్రాపకులకు మూడువందల పౌనుల జరిమానా పడెను, ముద్రణాధికారము పోయెను. ప్రతులను వెదకి తెప్పించి నాశనము చేయించిరి. ఏవో కొన్ని మాత్రము నేటికిని మిగిలియున్నవి.

ఇంగ్లీషులో కాదనుటకు ఒక మాట పోవలెను. మన తెలుగులో మాటకూడ పోనక్కఱలేదు, ఒక గుడి పక్కకు జరిగిన చాలును. "చెల్లించిన" అని వ్రాయుడు. "చెల్లించని" అని వ్రాయుడు. అక్షరములవే. మొదటిదానిలో గుడి చకారముపై నున్నది, రెండవదానిలో నకారముపై నున్నది. పన్ను చెల్లించిన భూమి వేఱు, చెల్లించని భూమి వేఱు. తీర్చిన బాకీకిని తీర్చని బాకీకిని నడుమ ఉన్నదంతయు ఒక గుడి. ఇచ్చిన, ఇయ్యని, చూచిన, చూడని, పిలిచిన, పిలువని. మన భాషలో లేదనుట క్రియకడుపులో దాగియుండును. దానిని వేఱుగ వెదకి పట్టుకొనవలెను. కావున ఏ కాగితమునైనను ఒకమారు కేవలము ఈ పనికై చదువుడు. కలదు, లేదు, చేసిన, చేయని, చెల్లును, చెల్లదు, వీనిమీద వ్రేలు పెట్టి, "ఇక్కడ నా ఉద్దేశము ఔననియా, కాదనియా?" అని ప్రశ్నించుకొనుడు.

ఇతర దోషములు కొన్ని నవ్వు పుట్టించునవి. వట్రుసుడికి బదులు క్రావడి పెట్టినచో గృహప్రవేశము గ్రహప్రవేశమగును; క్రొత్తయింటిలోనికి శనిగ్రహమును పిలిచినట్లే. ఉపకారము చేసినవారికి కృతజ్ఞతలు తెలుపబోయి "కృతఘ్నతలు" తెలిపిన జాబులు నేను నా యెఱుకలో రెండు చూచితిని. అందొకటి పట్టభద్రుడు వ్రాసినదే. సకలహక్కులు వ్రాయబోయి శకలహక్కులు వ్రాసినచో అన్నియు పోయి ముక్క మిగులును. ఆహ్వానమునకు దీర్ఘము తీసిన, పిలుపు కాస్తా పిలువకపోవుటవలె నుండును. "శ్రద్ధతో చదువుము" అని కొడుకునకు హితవు వ్రాయుచు ఒక తండ్రి "శ్రాద్ధముతో" అని వ్రాసెను. ఆ కొడుకు నా శిష్యుడు. జాబు నాకు చూపి నవ్వలేక, నవ్వాపుకొనలేక నిలువబడినాడు.

నవ్వురానివి అంకెలలో నుండును. అరువది, ఇరువది, ఈ రెంటికిని భేదము మొదటి యక్షరమొక్కటే. పూర్వము శకటరేఫముతో, అనగా బండిఱతో, అఱువది అని వ్రాయుచుండిరి. అప్పుడు రెండక్షరముల భేదముండెడిది. బండిఱ వాడుకనుండి పోవుటతో ఒక కావలి తగ్గినది. దానిని విడిచినవారిని నేను నిందింపను గాని, పండితుడను గనుక ఒక నిట్టూర్పు విడుచుటకు సెలవిండు. పదునైదు, పదునేడు కూడ నిట్టివే. తొందఱవ్రాతలో ఆఱువేలు నూఱువేలగుట నేను చూచితిని.

ఇచ్చట చట్టము చెప్పునది తెలిసికొనుట మంచిది. అప్పుపత్రములకు, చెక్కులకు సంబంధించిన 1881వ సంవత్సరపు చట్టము ప్రకారము, సొమ్ము అంకెలలో నొకవిధముగను మాటలలో నొకవిధముగను ఉన్నచో మాటలలో నున్నదియే చెల్లును. మనలో అనేకులు అంకెను నాలుగుమారులు చూచుకొని మాటను చూడకయే విడుతురు. చట్టము మాటను చూచును! అంకెను చూచిన కన్నుతోనే మాటను చూడుడు, అదియు ఒక్కొక్క యక్షరము కూడబలుకుకొని. అప్పుపత్రమున ముఖ్యమైన మార్పును ఎదుటివాని సమ్మతిలేక తరువాత చేసినచో ఆ పత్రము అతనిపై చెల్లకుండపోవుననియు అదే చట్టము చెప్పుచున్నది. కావున మంచి ఉద్దేశముతోనైనను ఇంటికి వచ్చి ఒంటరిగ కూర్చుండి దిద్దరాదు. రిజిస్టరు చేయించు దస్తావేజులలో కొట్టివేతలు, పంక్తుల నడుమ చేర్పులు, ఖాళీలు ఉన్నచో, వ్రాసియిచ్చువారు ఆయాచోట్ల చేవ్రాలో, పొడి యక్షరములో పెట్టనియెడల తీసికొననని చెప్పుటకు 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టమున అధికారికి వీలున్నది. అనగా మన హంసపాదమునకు కూడ సంతకము కావలెను.

భూమి కొలతలలో మఱియొక గోతియున్నది. 2-35 అని మాత్రము వ్రాసినచో కోస్తాలో చదువువాడు 2 ఎకరముల 35 సెంట్లు అనుకొనును. తెలంగాణములో చదువువాడు 2 ఎకరముల 35 గుంటలు అనుకొనును. ఎకరమునకు సెంట్లు 100, గుంటలు 40. 35 గుంటలనగా 87న్నర సెంట్లు. ఇంత భేదము ఒక చిన్నగీతలో దాగియున్నది. కొలతపేరు వ్రాయుటకు సిరా ఎంత కావలెను?

శుభలేఖలు వ్రాయువారికి ఒకమాట. మన పంచాంగము ప్రకారము దినము సూర్యోదయమునుండి సూర్యోదయము వరకు. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మాఱును. బుధవారము రాత్రి 2 గంటలకు ముహూర్తమని వ్రాసి, క్రింద బుధవారపు తేదీ వేసినచో, పొరుగూరి బంధువులు గడియారమునే నమ్మి ముందురాత్రియే వచ్చి కూర్చుందురు. తేదీ మాఱునని తెలిసినవారు మఱునాటి రాత్రి వత్తురు. అందుచేతనే మన పెద్దలు "బుధవారము రాత్రి, తెల్లవారితే గురువారము" అని చేర్చి వ్రాయు నాచారము పెట్టిరి. మాసము, పక్షము, తిథి, వారము, తేదీ, ఇన్ని యేల అని యిప్పటి పిల్లలు విసుగుకొందురు. అవి ఒకదానికొకటి సాక్షులు. శుద్ధమునకు బదులు బహుళమని పడినచో తిథి తేదీతో కలియదు. పంచాంగము తీసి చూచినవానికి వెంటనే తెలియును. ఐతే సాక్షులున్నంత మాత్రమున చాలదు. వారిని పిలిచి అడుగవలెను.

నేనిప్పుడు పాటించు పద్ధతి యిది. వ్రాసిన రాత్రి దిద్దను. కాగితమును పంచాంగములో పెట్టి పండుకొందును. ఆ రాత్రి తాటియాకుపై మసి ఆఱు కాలమనుకొందును. తెల్లవారి ముఖము కడుగుకొని, పైకి చదువుదును. నాలుక తడబడినచోట వాక్యము సరిగలేదని గ్రహింతును. కన్ను దాటిపోవు తప్పు నాలుకకు అడ్డుపడును. తరువాత ఒక తెల్లకాగితముతో క్రింది పంక్తులను కప్పి, ఒక్కొక్క పంక్తినే చూతును. పేర్లు, అంకెలు, దిక్కులు, వీనికై వేఱుగ ఇంకొకమారు. అన్ని దోషములను ఒక్కమారే వెదకువాడు ఏ దోషమును పూర్తిగ వెదకడు.

అంతయు నైన పిమ్మట ఇంకొకరిచేత చదివింతును. ఇందులో ఒక రహస్యమున్నది. "చూచి పెట్టుము" అని పండితునికి ఇచ్చినచో ఆతడును మనవలెనే భావమును చదివి, "బాగున్నది" అనును. ఐదవ తరగతి చదువు బాలుని పిలిచి పైకి చదువుమనుడు. వానికి విషయము తెలియదు. దస్తావేజు భాష అసలే తెలియదు. కావున కాగితమున నున్నదే చదువును, లేనిది చదువలేడు. మీరు కన్నులు మూసికొని వినుడు. నిన్న ఈ ప్రసంగమును నా మనుమరాలిచేత చదివించితిని. ఒకచోట "తాతయ్యా, ఇక్కడ వాక్యము అయిపోలేదే" అన్నది. చూచినచో క్రియ నిజముగనే లేదు. నేను రెండుమారులు చదివి ఉన్నదనుకొన్నాను.

ఇప్పుడు జాబులు చాలవరకు చేతిఫోనులలోనే నడచుచున్నవి. ఆ యంత్రము రెండక్షరములు నొక్కగనే మిగిలిన మాటను తానే యందించును. మంచిదే, కాని అది ఊహించునది మన మనస్సును కాదు, నలుగురు వాడుమాటను. అక్షరదోషము లేని తప్పుమాట అక్షరదోషముకన్న గడుసుది. చూపునకు చక్కగ నుండుటచే కన్ను దానిని విడిచిపోవును. పంపుటకు ముందు ఒకమారు నోటితో చదువుటకు పట్టు కాలము ఎంత? నేను చెప్పిన మా బంధువొకడు ఇప్పటికిని చేయడు. ఆతని జాబులు మేము ఇంటిల్లిపాదియు కూర్చుండి అర్థము చేసికొందుము.

పోయిన సంవత్సరము ఒక సాయంకాలము ఆ తమ్ముని మనుమడు మా యింటికి వచ్చెను. ఇరువది యేండ్లవాడు, డిగ్రీ చదువుచున్నాడు. పాతబావి యెండిపోవుటచే రెండు కుటుంబములును కలసి బోరు వేయింప నిశ్చయించుకొన్నవట. ఖర్చు, నీటివంతు, కరెంటుబిల్లు, వీనికి ఒప్పందపు చిత్తు వ్రాసి తెచ్చెను. "తాతగారూ, మీరొకసారి చూచి దిద్దండి. మా నాయనమ్మ మీకే చూపమన్నది" అనెను. ఆ మాట విని నేను కొంతసేపు ఏమియు మాటలాడలేకపోతిని.

కాగితము తీసికొని చదువలేదు. "ఈ రాత్రి దీనిని నీయొద్దనే యుంచుకొనుము. రేపు ఉదయము మీ పెదతాతగారి మనుమని కూడ తోడుకొనిరా" అంటిని. మఱునాడు ఇరువురును వచ్చిరి. అరుగుమీద ఎదురెదురుగ కూర్చుండబెట్టితిని. వాడు వ్రాసిన చిత్తును రెండవవానిచేతికిచ్చి, చివరినుండి పైకి చదువుమంటిని, వ్రాసినవానిని వినుమంటిని. నేను ప్రక్కన ఎఱ్ఱసిరా కలము పట్టుకొని కూర్చుంటిని. నాలుగవ పంక్తికి వచ్చునప్పటికి వ్రాసినవాడు "ఆగన్నా, అది తప్పు. దినము విడిచి దినము అని ఉండవలెను, విడిచి అన్నది వ్రాయలేదు" అనెను. చదువుచున్నవాడు నవ్వి కాగితము వానివైపు త్రిప్పెను. వాడు నా చేతిలోని కలము తీసికొని, పంక్తిక్రింద చిన్న గుర్తు పెట్టి, పైన ఆ మాట వ్రాసెను. ఇరువురిచేతను ఆ ప్రక్కన పొడి యక్షరములు పెట్టించితిని.

సెలవు.